లోపలి కుట్టు

చొక్కా తిరగేసి చూసుకునే అలవాటు మీకుందా? ఉండకపోవచ్చు. తొందరలో తిరగేసి తొడుక్కుని ఆఫీసుకు వెళ్ళి, పక్క సీటాయన ముసిముసిగా నవ్వితే గాని సంగతి గ్రహించని వాళ్ళను కొందరిని నేనెరుగుదును. అలాంటి రోజున తప్ప చొక్కాకు లోపలి వైపంటూ ఒకటుందని మనకు గుర్తుండదు. బజారులో బట్టలు కొనేటప్పుడు రంగు చూస్తాం, చారలు చూస్తాం, రెండు వేళ్ళ మధ్య గుడ్డను నలిపి ఏదో తెలిసినట్టు తల ఆడిస్తాం, ధర వినగానే ఆ ఆడించడం మానేస్తాం. అంతేగాని లోపల కుట్టు ఎలా ఉందని అడిగేవాడు వెయ్యికొకడు. "పైన పటారం, లోన లొటారం" అని సామెత పుట్టించుకున్నది మనమే. దాన్ని బట్టలకు తప్ప తక్కిన లోకానికంతా అంటగట్టేదీ మనమే.

నేను ఎత్తుకున్నది నిజానికి బట్టల గొడవ కాదు, ఒక ధర్మసందేహం. ఎవరూ చూడని చోట పని శ్రద్ధగా చెయ్యాలా, అక్కర్లేదా? చెయ్యాలి, దేవుడు చూస్తాడు గనక, అంటారు భక్తులు. చెయ్యాలి, మన మనస్సాక్షి చూస్తుంది గనక, అంటారు దేవుణ్ణి నమ్మనివాళ్ళు. ఎవరో ఒకరు చూస్తూ ఉంటే తప్ప మనిషి మంచిపని చెయ్యడన్న విషయంలో మాత్రం ఇద్దరికీ పూర్తి ఏకాభిప్రాయం. ఈ రెండు జవాబులూ పాతవే, గౌరవించదగినవే. మూడో జవాబు ఒకటి ఉందని ఈ మధ్యే మా ఇంట్లో, ఒక సూదీ దారం పుణ్యమా అని తెలిసింది.

మా అన్నయ్య మనవరాలు హైదరాబాదులో దుస్తుల రూపకల్పన చదువుతోంది. చదువులో భాగంగా రెండు నెలలు ఎక్కడో ఒకచోట చేతిపని దగ్గర కూర్చుని నేర్చుకుని రావాలట. దాన్ని ఇంటర్న్‌షిప్ అంటారు. మా చిన్నతనంలో శిష్యరికం అనేవాళ్ళు. తేడా ఏమిటంటే శిష్యరికంలో పని చేతికి పట్టుబడేదాకా గురువు వదిలేవాడు కాదు, ఇంటర్న్‌షిప్‌లో ఎనిమిది వారాలు కాగానే పని పట్టుబడినా పట్టుబడకపోయినా సర్టిఫికేటు పట్టుబడుతుంది. పెడనలో ఒక కలంకారీ కార్ఖానా కుదిరింది. పెడన మా బందరుకు పది కిలోమీటర్లు. అందుచేత అమ్మాయి మా ఇంట్లోనే దిగింది. దాంతోపాటు ఒక పెట్టెడు సూదులు, దారపు ఉండలు, కోరా గుడ్డ తాను, వేలికి తొడుక్కునే ఇత్తడి టోపీ కూడా దిగాయి.

దాని ప్రాజెక్టు సంగతి వినండి. మూడువందల ఏళ్ళ కిందట ఇంగ్లండులో, హాలండులో దొరలు ఇంట్లో ఉన్నప్పుడు బిగుతు కోట్లు విప్పేసి ఒక వదులైన పొడుగాటి అంగీ వేసుకునేవారు. ఇంగ్లీషువాళ్ళు దాన్ని 'బనియన్' అన్నారు. మన దేశపు వర్తకుడైన బనియా పేరే ఆ వేషానికి అంటుకుంది. ఆ మాటే ప్రయాణం చేసి చేసి, చిక్కిపోయి, చేతులు పోగొట్టుకుని, ఇవాళ మన చొక్కాల కింద బనీనుగా స్థిరపడింది. శామ్యూల్ పీప్స్ అని లండనులో ఒక ఉద్యోగి, డైరీ రాసి ప్రసిద్ధికెక్కినవాడు, 1666లో బొమ్మ గీయించుకోవడానికి ఇలాంటి 'ఇండియన్ గౌను' ఒకటి అద్దెకు తెచ్చుకున్నానని స్వయంగా రాసుకున్నాడు. ఫోటో స్టూడియోలో గోడకు వేలాడే నల్లకోటు తొడుక్కుని పెళ్ళిచూపుల ఫోటో దిగిన మన తాతలకు ఈయన అన్నగారన్నమాట.

అలాంటి అంగీలు చాలావాటికి గుడ్డ మన తీరంనుంచే వెళ్ళింది. డచ్చివాళ్ళు 1605లోనూ, ఇంగ్లీషువాళ్ళు 1611లోనూ మచిలీపట్నంలో దుకాణం తెరిచింది ముఖ్యంగా ఈ చీటీగుడ్డల కోసమే. ఉతికితే వెలవని ఎరుపు అప్పటిదాకా యూరపువాళ్ళు నూలుగుడ్డ మీద చూసి ఎరగరు. మోజు ఎంత ముదిరిందంటే, తమ నేతగాళ్ళ పొట్ట కొడుతోందని ఫ్రాన్సు 1686లో అద్దకపు గుడ్డలను నిషేధించింది. ఇంగ్లండు 1700లో ఒక చట్టం, అది చాలక 1720లో ఇంకో చట్టం చేసింది. ఈ రెండో చట్టానికి ముందు 1719లో లండను నేతగాళ్ళు వీధుల్లో పడి, చీటీ గౌను కట్టుకున్న ఆడవాళ్ళు కనిపిస్తే ఆ గౌనులు చింపారు, సిరా పోశారు. పాపం వాళ్ళకు గౌను అమ్మిన కంపెనీ చేతికి అందలేదు. కట్టుకున్న ఆడది అందింది.

అలాంటి గుడ్డతో కుట్టిన అంగీలు లండనులోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్నాయి. అలాంటిదాన్ని ఒకటి, కొలతలు చూసుకుని, పెడన గుడ్డతో ఆనాటి పద్ధతిలో కుట్టి చూపించాలి. అదీ ప్రాజెక్టు.

ముందు కోరాగుడ్డతో ఒక నమూనా కుట్టింది. రోజంతా పెడనలో ఉండి, సాయంత్రం బస్సు దిగి, వసారాలో చాప వేసుకుని కూర్చునేది. అంగుళానికి పది కుట్లు. మా ఆవిడ రెండు రోజులు చూసింది. మూడోరోజు ఉండబట్టలేక, పక్కగదిలో తన కాలిమిషను మీది ముసుగు తీసేసింది.

"ఎందుకే అమ్మడూ కళ్ళు పొడుచుకుంటావు? పైకి కనబడే కుట్లు చేత్తో వేసుకో. లోపలివన్నీ నాకిచ్చెయ్. గంటలో పడేస్తాను. ఎవడొచ్చి తిరగేసి చూస్తాడు?"

"చూడరు మామ్మా. కానీ వేస్తాను."

"చూడనప్పుడు మరెందుకూ?"

అమ్మాయి జవాబు చెప్పలేదు. దానికే తెలియదు కాబోలు. నేను కల్పించుకుని, కార్డు మీద 'అంతా చేతికుట్టు' అని రాసి లోపల మిషను కుట్టు వెయ్యడం అబద్ధం అవుతుంది కదా అన్నాను. మా ఆవిడ తక్కువ తిన్నదా? "అయితే కార్డు మీద 'లోపల మిషను' అని రాసేస్తే సరి. అబద్ధమూ పోయె, కళ్ళూ మిగిలె" అంది.

నిజమే సుమండీ. తర్కంలో ఎక్కడా లోపం లేదు. అబద్ధమనేది కుట్టులో ఉండదు, చీటీలో ఉంటుంది. ఒకే అంగీని 'నేను కుట్టిన నకలు' అని చూపిస్తే విద్య, 'మా ముత్తాత పెట్టెలో దొరికింది' అని అమ్మితే మోసం. కొత్త గుడ్డను టీ డికాక్షనులో ముంచి పాతగుడ్డ చేసేవాడికీ ఈ పిల్లకూ సూదిపని ఒక్కటే. నోటిమాట వేరు. నకలు చెయ్యడమే తప్పనుకుంటే జపానువాళ్ళు పెద్ద దోషులవుతారు. అక్కడ ఇసే అనే చోట ఒక మహాక్షేత్రం ఉంది. ఏడో శతాబ్దం చివరినుంచి, మధ్యలో యుద్ధాలవల్ల చాలాకాలం ఆగినా, ఇరవై ఏళ్ళకొకసారి పక్కస్థలంలో కొత్త కలపతో అచ్చం పాతదానిలాగే గుడి కట్టి దేవతను అందులోకి తీసుకువెళ్ళడం ఆచారం. దేవతకు సమర్పించే వస్త్రాలు, వస్తువులు కూడా అన్నీ మళ్ళీ కొత్తగా చేస్తారు. 2013లో జరిగినది అరవై రెండోసారి. అక్కడి కలప పాతది కాదు, గుడ్డ పాతది కాదు. చెయ్యి పాతది. ఇరవై ఏళ్ళు ఎందుకంటే, ఒకసారి కుర్రవాడుగా సుత్తి అందించినవాడు మరోసారికి మేస్త్రీ అవుతాడు, ఆపైసారికి కూర్చుని తప్పులు పట్టే వయసుకు వస్తాడు. నకలు చెయ్యడం మానేస్తే అసలు పోయేది అలాంటిచోట్లే.

కనక నిజాయితీ అనే కారణం చాలలేదు. నిజాయితీకి కార్డు మీద ఒక పంక్తి చాలు. మరి చేతికుట్టు ఎందుకు?

దీనికి జవాబు మా వీధి చివరి దర్జీగారి దగ్గర దొరికింది. ఆయనకు డెబ్భై దాటాయి. కళ్ళజోడుకు దారం కట్టుకుని ఇప్పటికీ మిషను తొక్కుతాడు. నమూనా అంగీకి కుడివైపు ఒక్క కుట్టు మా ఆవిడ మాట తీసెయ్యలేక అమ్మాయి మిషను మీద వేయించింది. ఎడమవైపు తన చేతికుట్టు. భుజం దగ్గర కొలత తప్పింది. రెండువైపులా విప్పాలి. దర్జీగారి దగ్గరికి తీసుకువెళితే ఎడమవైపు దారం కొస పట్టుకుని సుతారంగా లాగాడు, కుట్టంతా జర్రున వచ్చేసింది, గుడ్డకు మరక లేదు. కుడివైపు విప్పడానికి బ్లేడు తీశాడు. కుట్టు తరవాత కుట్టు కోసుకుంటూ పోయాడు. పూర్తయ్యేసరికి గుడ్డకు చీమలు కుట్టినట్టు చిల్లులు.

"చూశావా అమ్మాయ్! మిషను కుట్టు విప్పడానికి వేసింది కాదు. గట్టితనానికి వేసింది. పూర్వం గుడ్డ ప్రియం, కుట్టుకూలి చవక. ఎప్పుడో ఒకప్పుడు విప్పి మరొకటి కుట్టుకుంటారని తెలిసే వేసేవాళ్ళు. ఇప్పుడు గుడ్డ చవక, మనిషి ప్రియం. విప్పేదెవరు, పారేసి కొత్తది కొంటారు."

అమ్మాయి ముఖం విచ్చుకుంది. చదువుకున్న పుస్తకాల్లో సంగతే ఆయన నోట విన్నదట. పద్దెనిమిదో శతాబ్దపు అంగీలను లోపలినుంచి చూస్తే చంకల దగ్గర చిన్న చిన్న అతుకు ముక్కలుంటాయి, గుడ్డ బెత్తెడు కూడా వృథా పోనివ్వకుండా. పొడుగు కుట్లు చాలావరకు సాదా కుట్లే, విప్పి మళ్ళీ కుట్టుకోవడానికి వీలుగా. ఏది ప్రియమో దాన్ని మనిషి పొదుపు చేస్తాడు. ఆనాటి కుట్టు గుడ్డను పొదుపు చేసింది, ఈనాటి కుట్టు నిమిషాన్ని పొదుపు చేస్తోంది. కాలం మారితే పైకి కనబడే పువ్వులూ లతలూ కొంచెం మారతాయి. లోపలి కుట్టు పూర్తిగా మారిపోతుంది. ఏ కాలం దేన్ని విలువైనదనుకుందో తెలియాలంటే లోపలే చూడాలి.

ఇదంతా దొరల అంగీల గొప్ప అనుకునేరు. మన ఇళ్ళలో లేదూ? ఆడపిల్లకు పరికిణీ కుట్టిస్తే అడుగున రెండు మడతలు పెట్టించేవారు. ఏడాదికొక మడత విప్పుతూ ఉంటే పిల్లతోపాటు పరికిణీ కూడా పెరిగేది. విప్పిన చోట గుడ్డ వెలవక కొత్తగా, ముదురురంగులో ఒక గీత కనిపించేది. ఆ గీతలు లెక్కపెట్టి పిల్ల వయసు చెప్పవచ్చు. జాకెట్టుకు ఇవాళ కూడా పక్కన ఒకదాని వెనక ఒకటిగా రెండు మూడు కుట్లు వేసే దర్జీలున్నారు. లావెక్కిన కొద్దీ ఒక్కొక్కటే విప్పుకోవచ్చు. మా ఆవిడ ఎన్నోదానిమీద ఉందో చెప్పి కాపురంలో చిచ్చు పెట్టుకోను గాని, ఆ కుట్లు వేసినాయన దూరదృష్టి గలవాడని మాత్రం మనవి చేస్తాను. పైకుట్టు ఇవాళ్టి అందం కోసం, లోపలి కుట్టు రేపటి మార్పు కోసం.

అదుగో మూడో జవాబు. లోపలి కుట్టును చూసేవాడు లేకపోలేదు. ఉన్నాడు. రేపు విప్పబోయేవాడు! దేవుడిలాగా పైన లేడు, మనస్సాక్షిలాగా లోపలా లేడు. ముందు ఉన్నాడు. అతనికి మన పేరు తెలియదు, మనకు అతని పేరు తెలియదు. అయినా అతని పని సుళువు చెయ్యడమో, అతని చేత తిట్లు తినడమో ఇవాళ మన చేతిలో ఉంది. గోడలో తీగలు దాచే కరెంటు మేస్త్రీకీ, ఫైలులో నోటు రాసే గుమాస్తాకూ, పిల్లవాడికి మొదటి అక్షరాలు దిద్దించే పంతులుకూ ఇదే వర్తిస్తుంది. మంచి గుమాస్తా రాసిన నోటును పదేళ్ళ తరవాత వచ్చినవాడు చదివి "అమ్మయ్య" అంటాడు. తక్కినవాళ్ళు రాసిన నోటు చదివి ఏమంటాడో వారపత్రికలో అచ్చువేయరు.

కొన్నిసార్లు ఆ రేపటి మనిషి రెండువందల ఏళ్ళ తరవాత వస్తాడు. జేనెట్ ఆర్నాల్డ్ అనే ఇంగ్లీషావిడ మ్యూజియాల్లో పాతబట్టల లోపలి భాగాలు ఓపిగ్గా పరిశీలించి, కత్తిరింపులు గళ్ళ కాగితం మీద గీసి 1964లో మొదటి పుస్తకం వేసింది. అంతకుముందు నాటకాలకూ సినిమాలకూ బట్టలు కుట్టేవాళ్ళు బొమ్మల్లో పైరూపం చూసి ఊహించుకునేవారు చాలామంది. తరవాత సంగతి మారింది. 1997లో లండనులో తిరిగి కట్టి తెరిచిన షేక్స్‌పియర్ గ్లోబ్ నాటకశాలలో కొన్ని ప్రదర్శనలకు నటుల బట్టలు ఆనాటి పద్ధతిలో, ప్రేక్షకులకు కనపడని లోదుస్తులతో సహా చేత్తో కుట్టించారు. ఎందుకయ్యా అంటే లోపలి బట్ట ఎలా ఉంటే మనిషి అలా నిలబడతాడు, అలా కూర్చుంటాడు. పంచె కట్టినవాడి నడకా ప్యాంటు వేసినవాడి నడకా ఒకటేనా చెప్పండి?

ఇంతవరకు బాగానే ఉంది. ఇక్కడ ఆగి చేతిపనికి జయజయధ్వానాలు చేసి వ్యాసం ముగిస్తే మీకూ నాకూ సుఖం. కాని మా ఆవిడ మిషను ముసుగు తీసి కూర్చునే ఉంది. ఆవిడ పక్షాన కూడా చెప్పవలసింది ఉంది.

1843లో థామస్ హుడ్ అనే కవి, చొక్కాలు కుట్టి కుట్టి కళ్ళూ వేళ్ళూ అరగదీసుకునే పేదరాలి మీద రాసిన గేయం ఇంగ్లండును కుదిపింది. ఆవిడ వేసినదీ చేతికుట్టే, అందమైనదే. ఎలియాస్ హోకు 1846లో, ఐజాక్ సింగర్‌కు 1851లో కుట్టుమిషనుకు పేటెంటులు వచ్చాయి. యంత్రాలంటే కిట్టని గాంధీగారు సైతం 1924లో ఒక విద్యార్థి అడిగితే కుట్టుమిషనుకు మినహాయింపు ఇచ్చారు. భార్య చేతికుట్టుతో అవస్థపడుతుంటే చూడలేక సింగర్ దాన్ని కనిపెట్టాడని, ప్రేమలోంచి పుట్టిన యంత్రమని ఆయన భావం. చరిత్రలో సింగర్ ఒకటికి మించిన కాపురాలు నడిపినవాడు, డబ్బు మీద చూపున్న ఘటికుడు. మరి గాంధీగారి మాట ప్రకారం ఎవరి అవస్థ చూసి కనిపెట్టాడో మనం అడక్కూడదు. అయినా ఆ మాటలో సారం ఉంది. అరిగిపోయే కళ్ళను కాపాడే యంత్రం శత్రువు కాదు.

మరోవైపు 1831లో పారిస్‌లో తిమోనియే అనే దర్జీ తయారుచేసిన కుట్టుయంత్రాలను, వాటితో సైనికుల దుస్తులు కుడుతుంటే, సాటి దర్జీలు వచ్చిపడి బద్దలుకొట్టారు. 1719లో గౌనులు చింపిన నేతగాళ్ళను తలుచుకోండి. కూడు పోతుందనే భయం ముందు చేతికి అందినదాన్ని చింపుతుంది, అందనిదాన్ని వదిలేస్తుంది. వీళ్ళను మూర్ఖులనడం తేలిక. వాళ్ళ పిల్లల ఆకలి మనది కాదు గనక.

కాబట్టి చేతికుట్టు తనంతట తాను పుణ్యమూ కాదు, మిషను కుట్టు పాపమూ కాదు. ఆకలి వేయించిన కుట్టూ, ఇష్టం వేయించిన కుట్టూ గుడ్డ మీద ఒక్కలాగే ఉంటాయి. భూతద్దం పెట్టినా తేడా తెలియదు. తేడా అల్లా కుట్టేమనిషి ఇష్టం లేనప్పుడు సూది పక్కన పెట్టి లేచిపోగలదా లేదా అన్నదే. మా అమ్మాయి లేచిపోగలదు. హుడ్ గేయంలో ఆవిడ లేవలేదు.

ఈ తేడా మరింత సూటిగా పెడనలో గుచ్చుకుంది. అక్కడ గుడ్డను కరక్కాయ, పాలు కలిపిన నీళ్ళలో తడిపి ఆరబెడతారు. బెల్లం, తుప్పు ఇనుము ఊరవేసిన నీళ్ళతో నలుపు. పటికతో ఎరుపు పట్టే చోట్లు. టేకు అచ్చును గుడ్డమీద పెట్టి గుప్పిటతో ఒక్క గుద్దు. పారే నీళ్ళలో ఉతుకు, రాగి గంగాళంలో ఉడుకు, ఎండలో ఆరబెట్టు. అమ్మాయి మొదటి వారంలోనే ఒక చిక్కు కనిపెట్టింది. మ్యూజియంలోని గుడ్డ అచ్చుతో వేసినది కాదు, కలంతో గీసినది. కలంపని ఇవాళ చూడాలంటే శ్రీకాళహస్తి వెళ్ళాలి. ఎరుపు కూడా అప్పుడు ఇసకనేలల్లో తవ్వుకొచ్చిన చిరివేరుది. 1868లో జర్మనీలో గ్రేబే, లీబర్మన్ అనే ఇద్దరు అలిజరిన్ రంగును ప్రయోగశాలలో తయారుచేశాక వేళ్ళు తవ్వే శ్రమ తగ్గుతూ వచ్చింది. మరి 'సంప్రదాయం' అని దేన్ని అనాలి? మూడువందల ఏళ్ళ నాటి కలాన్నా, ఇవాళ గుద్దే అచ్చునా? సంప్రదాయం కూడా పరికిణీ లాంటిదే, ఎప్పటికప్పుడు మడత విప్పుకుంటూ వచ్చింది. కాదని ఏదో ఒక ఏడాది దగ్గర మేకు కొట్టి ఆపితే అది మ్యూజియం బొమ్మకు తప్ప మనిషికి పట్టదు.

అచ్చుపని చేసే ఆయన్ను అమ్మాయి 'బాబాయ్' అని పిలిచేది. ఒకరోజు మాటల్లో, "ఈ పని మీ అబ్బాయికి నేర్పుతున్నారా బాబాయ్? ఇది పోకూడదు కదా" అంది.

ఆయన అచ్చు పక్కన పెట్టి నవ్వాడట. "నీకు రెండు నెలలకు సర్టిఫికేటు ఇస్తారు గదమ్మా. నాకు ముప్ఫయ్యేళ్ళయింది. నా సర్టిఫికేటు ఎవరి దగ్గరుందో కాస్త కనుక్కుని చెప్పు. అప్పుడు మావాణ్ణి కూచోబెడతాను."

ఆ పూట అమ్మాయి అన్నం సరిగా తినలేదు. తినకపోవడం మంచిదే. 'ఈ కళ చచ్చిపోకూడదు' అని వేదికల మీద అనేవాళ్ళలో తమ పిల్లల్ని ఆ అచ్చు దగ్గర కూర్చోబెట్టేవారెందరు? మనకు అందం కావాలి, దానికి అవసరమైన దరిద్రం మాత్రం ఇంకొకరి ఇంట్లో ఉండాలి. ఒక పని బతకాలని కోరే హక్కు ఎవరికైనా ఉందంటే, అది దానికి తగిన ధర ఇచ్చేవాడికి, దాన్ని చేసేవాడి పేరు చెప్పేవాడికి ఉంది. తక్కినవాళ్ళది ముచ్చట, హక్కు కాదు. స్క్రీను మీద అచ్చువేసిన గుడ్డను కలంకారీ అని చవగ్గా అమ్మినా, కొన్నా, ఆ ముచ్చటకు కూడా అర్థం లేదు.

పేరు సంగతి చిన్నదనుకోకండి. మ్యూజియాల్లో ఈ చీటీగుడ్డల పక్కన చీటీలు చదవండి. కోరమాండల్ తీరం, ఫలానా శతాబ్దం, నూలు, ఫలానావారు ఇచ్చినది. ఇచ్చినవారి పేరుంటుంది, వేసుకున్నవారు తెలిస్తే వారి పేరూ ఉంటుంది. గీసినవాడి పేరు, రంగు ఉడకబెట్టినవాడి పేరు, మోకాలిలోతు నీళ్ళలో నిలబడి ఉతికినవాడి పేరు ఉండవు. వాళ్ళు రాసిపెట్టలేదు, అడిగినవాడూ లేడు. తీరానికి పేరుంది గాని మనిషికి లేదు.

అమ్మాయి పదకొండు రోజులు కూర్చుని అసలు అంగీని పూర్తిగా చేత్తోనే కుట్టింది. మా ఆవిడ కూడా చివరికి మిషనుకు ముసుగు కప్పేసి అంచు మడిచి కుట్టడానికి ఒక పక్క పట్టుకుంది, "మీ తాతయ్యకు కాఫీ ఆలస్యమైతే కానీ" అంటూ. అంతా అయ్యాక కాలేజీవాళ్ళు ఇచ్చిన ఫారం నింపాలి. అందులో 'తయారుచేసినవారు' అని ఒక్క గడి, ఒక్క పేరు పట్టేంత. అచ్చు చెక్కినాయన, అద్దినాయన, ఉతికిన ఇద్దరు, అంచు పట్టిన మామ్మ, కుట్టిన అమ్మాయి. ఆరు పేర్లు. పేర్లన్నీ ఇరికిస్తే 'ఇది నీ సొంతపని కాదు' అని మార్కులు తగ్గించే ప్రమాదం లేకపోలేదు. తన పేరొక్కటే రాస్తే అబద్ధమనడానికీ లేదు, కుట్టింది తనే. మా ఆవిడ మాట ఇక్కడ గుర్తుకొచ్చింది నాకు. అబద్ధం కుట్టులో ఉండదు, చీటీలో ఉంటుంది.

ఒక రాత్రి ఆలోచించి, పొద్దున్నే లేచి, మెడపట్టీ లోపలివైపు ఎర్రదారంతో ఆరు పేర్లూ, ఏడాదీ కుట్టింది. ఫారంలో తన పేరు రాసి, పక్కనే చిన్న అక్షరాలతో 'మిగతా పేర్లు లోపల చూడగలరు' అని చేర్చింది. పెడన తీసుకువెళ్ళి చూపిస్తే అచ్చుపని ఆయన తన పేరు మీద వేలుపెట్టి రెండుసార్లు తడిమాడట. అది ముప్ఫయ్యేళ్ళ సర్టిఫికేటుకు సమానం కాదు. కూలి ఒక్క రూపాయి కూడా పెరగలేదు. ఆ సంగతి అమ్మాయికీ తెలుసు, ఆయనకూ తెలుసు. అయినా తన పేరులో ఒత్తు తప్పిందని చెప్పి దిద్దించుకున్నాడు. చేతికుట్టు గనక దారం లాగితే వచ్చేసింది, మళ్ళీ కుట్టడం పది నిమిషాల పని అయింది.

పరీక్ష అయిన రోజున హైదరాబాదునుంచి ఫోను చేసింది. ముగ్గురు కూర్చున్నారట. ఇద్దరు దూరంనుంచి చూసి రంగులు బాగున్నాయన్నారు. మూడో ఆవిడ లేచి వచ్చి, మెడ దగ్గర పట్టుకుని తిరగేసి, పేర్లన్నీ పైకి చదివారట.

"మార్కులెన్ని వేశారే?" అని మా ఆవిడ ఫోను లాక్కుంది. మార్కులు ఇంకా తెలియవట. ఎన్ని వచ్చినా వచ్చినట్టే. రేపెప్పుడో విప్పబోయేవాడి కోసం కుట్టిన కుట్టు ఇది. అందులో ఒకరు కాస్త ముందుగానే వచ్చి చూశారు.